పులికాట్‌లో తెరచాప పడవ: మొగ దాటాలనుకుంటున్న దంపతులకు నా సమాధానం

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భార్యాభర్తలిద్దరూ తిరుపతిలో ఉంటారు. హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నారు. ఇప్పుడు 14 అడుగుల డింగీ (పైకప్పు లేని చిన్న తెరచాప పడవ) ఒకటి సొంతంగా కొనుక్కున్నారు. సంక్రాంతికి మూడు రోజుల సెలవు ఉంది. తడ దగ్గర భీమునివారిపాళెం రేవులో పడవ దించి, ఇరకం దీవి చుట్టి, పులికాట్ ఊరి పక్కనున్న మొగలోంచి (సరస్సు సముద్రంలో కలిసే ఇరుకు దారి) సముద్రంలోకి వెళ్లి, తీరం వెంబడే చెన్నై చేరాలన్నది ఆలోచన. "ఆటుపోట్ల గురించి మాకేమీ తెలీదు. ఇక్కడ అది అంత పెద్ద విషయమా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. సరస్సు లోపల తిరగండి, తప్పకుండా తిరగండి. మొగ దాటి సముద్రంలోకి మాత్రం ఈ సంక్రాంతికి వద్దు. ఆటుపోట్లు ఇక్కడ పెద్ద విషయమే. హుస్సేన్‌సాగర్‌లో మీరు నేర్చుకున్నది గాలితో పని. అది వృథా పోదు. కానీ అక్కడ నీళ్లు నిలబడి ఉంటాయి. ఇక్కడ మీ పడవ కింద నీళ్లు నడుస్తుంటాయి, ఒక్కోసారి మీరు తిరిగి వచ్చేలోపు అసలు ఉండవు.

నేను పుట్టింది సూళ్లూరుపేట. పెళ్లయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాం. మా ఆయనా నేనూ పద్నాలుగేళ్లుగా ఈ సరస్సు మీద చిన్న తెరచాప పడవ నడుపుతున్నాం. మొగ దాటింది మొత్తం మీద మూడుసార్లే. మూడుసార్లూ ముందు ఒక మత్స్యకారుల మోటారు పడవను పెట్టుకునే వెళ్లాం.

మన తీరంలో పోటుకూ (నీళ్లు ఎక్కడం) పాటుకూ (నీళ్లు దిగడం) తేడా పెద్దగా ఉండదు. చెన్నై దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒక మీటరు. గుజరాత్‌లో భావనగర్ వైపు పది మీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్క చూసి "ఒక మీటరే కదా" అనుకుంటారు చాలామంది. పులికాట్ సరాసరి లోతే దాదాపు ఒక మీటరు అన్నది మర్చిపోతారు. పోటు మీద ఉన్నప్పుడు 450 చదరపు కిలోమీటర్ల పైన పరుచుకునే సరస్సు, పాటు పూర్తిగా దిగాక 250కి కుంచించుకుపోతుందని సాధారణంగా చెప్పే లెక్క. అంటే పొద్దున మీరు పడవ నడిపిన చోట మధ్యాహ్నం కొంగలు నడుస్తాయి.

మాకు ఇది తెలిసి వచ్చిన రోజు ఒకటుంది. మార్చి నెల, పౌర్ణమి మర్నాడు. పొద్దున నిండు పోటు మీద ఇరకం దాటి దక్షిణంగా పోయాం. ఒక ఇసుక దిబ్బ దగ్గర నడుం లోతు నీళ్లలో లంగరు వేసి, దిబ్బ మీద కూర్చుని పులిహోర తిన్నాం. పక్షులను చూస్తూ రెండు గంటలు గడిపేశాం. లేచి చూసేసరికి పడవ పక్కకు ఒరిగి అడుసులో పడి ఉంది. నీళ్ల అంచు ముప్పై అడుగుల అవతల ఉంది. తోసేద్దామని నేను దిగి అడుగు వేశాను, తొడ దాకా కూరుకుపోయింది. మా ఆయన తెడ్డు అడ్డంగా వేసి పట్టుకుంటే కాలు పైకి వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది. ఇక చేసేదేమీ లేక పడవలోనే కూర్చున్నాం. మార్చి ఎండ, ఇద్దరికీ కలిపి లీటరున్నర నీళ్లు. రాత్రి ఎనిమిది దాటాక పడవ అడుగు మెల్లగా కదిలింది.

ఆ రోజు పట్టికలో చూపించిన దానికన్నా నీళ్లు ఎక్కువ దిగాయి. కారణం తర్వాత అర్థమైంది. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి గట్టిగా వీచింది. ఇంత పలుచని సరస్సులో గాలి నీళ్లను ఒక వైపుకు నెట్టేస్తుంది. తడ వైపు నీళ్లు పెరుగుతాయి, మేమున్న వైపు తగ్గుతాయి. పాటుకు గాలి తోడైంది. అందుకే చెప్పేది: మొగకు దగ్గరలో ఉన్నప్పుడు పోటుపాట్లను లెక్క చూడండి, మొగకు దూరంగా, భీమునివారిపాళెం, ఇరకం చుట్టుపక్కల ఉన్నప్పుడు గాలిని ఎక్కువ లెక్క చూడండి. అక్కడిదాకా పోటు ఆలస్యంగా, బాగా తగ్గి చేరుతుంది.

నీళ్లు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అన్నది చూసే పద్ధతి నాకు ఇరకం వైపు వల వేసే ఒక పెద్దాయన నేర్పారు. సరస్సులో వలల కోసం పాతిన కర్రలు వరసగా కనిపిస్తాయి. "కర్ర మీద తడి చూడమ్మా" అన్నారాయన. నీటి మట్టానికి పైన కర్ర జానెడు మేర నల్లగా తడిసి, పాకుడు మెరుస్తూ ఉందంటే నీళ్లు దిగుతున్నట్టు. నీటి అంచు దాకా కర్ర పొడిగా, తెల్లగా ఉందంటే ఎక్కుతున్నట్టు. అలలు ఎగజిమ్మిన తడి వేరు, అది మచ్చలు మచ్చలుగా ఉంటుంది. దిగిన నీళ్ల తడికి పైన గీత గీసినట్టు ఒక అంచు ఉంటుంది. కర్ర మొదట్లో నురగ ఏ వైపు తోకలా సాగుతోందో చూస్తే ప్రవాహం ఏ దిక్కుకో కూడా తెలుస్తుంది. ఫోనులో ఏ యాప్ చెప్పినా, ముందు కర్రను చూస్తాను.

లోతుకు ఇంకో గుర్తు ఫ్లెమింగోలు. అవి గుంపుగా నిలబడి మేస్తున్నాయంటే అక్కడ మోకాలి లోతే. ఆ వైపు వెళ్తే పడవా కూరుకుపోతుంది, పక్షులూ బెదిరి లేచిపోతాయి. దూరంగా చుట్టి వెళ్లండి. అవి మేత కోసమే అంత దూరం నుంచి వస్తాయి, మన పడవ చూడటానికి కాదు.

ఇప్పుడు తేదీ సంగతి. మీరు సెలవు చూసుకుని తేదీ పెట్టుకున్నారు. ముందు తిథి చూడండి, తర్వాత సెలవు. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది, నీళ్లు చంద్రుణ్ని బట్టి కదులుతాయి. అందుకే ఒక్కో ఏడు సంక్రాంతికి ఒక్కో రకం పోటు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ దిగుతాయి, ప్రవాహమూ బలంగా ఉంటుంది. అష్టమి ముందువెనకల ఆ తేడా సగానికి పైగా తగ్గుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అష్టమి రోజులే మేలు. అష్టమి నాడు ప్రయాణమా అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డు చెప్పొచ్చు. మా అత్తగారూ చెప్పారు. నీళ్ల లెక్క విడమరచి చెప్పాను, ఒప్పుకున్నారు.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు దాదాపు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శనివారం 9కి నిండితే ఆదివారం 9:50కి. దిగేటప్పుడు ఒకే వేగంతో దిగదు. మొత్తం దిగేదాన్ని 12 వాటాలు చేస్తే, మొదటి గంటలో ఒక వాటా, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. అంటే మధ్యలోని రెండు గంటల్లోనే సగం నీళ్లు పోతాయి. "ఇప్పుడే కదా దిగడం మొదలైంది, ఇంకో గంట ఉందాం" అనుకుంటే జరిగే పొరపాటు అదే. మొదటి గంట చూసి మోసపోతాం.

చెన్నై పోటు సమయాలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో దొరుకుతాయి. పెద్ద అలల హెచ్చరికలు కూడా అక్కడే ఇస్తారు. కానీ ఆ సమయం సముద్రానిది. సరస్సు లోపల దాని తర్వాతే వస్తుంది. ఎంత తర్వాత అన్నది మొగ ఎంత తెరుచుకుని ఉందన్న దాని మీద ఉంటుంది, అది ఏటేటా మారుతుంది. వెళ్లే ముందు వారం ఆ ఊరి మత్స్యకారులను అడగడం తప్ప వేరే దారి లేదు.

ఇక మొగ. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి.

ఇంత పెద్ద సరస్సు నీళ్లన్నీ ఒక ఇరుకు సందులోంచి సముద్రంలోకి పోవాలి, మళ్లీ రావాలి. లోపల జానెడు దిగితే చాలు, మొగలో నీళ్లు ఏరులా పారతాయి. అమావాస్య ముందువెనకల మనిషి వడిగా నడిచినంత వేగం నేను చూశాను. ఉత్తరాన రాయదొరువు దగ్గర మొగ ఇసుక మేటతో పూడిపోతుండటం, దాన్ని తెరిపించాలని మత్స్యకారులు అడుగుతుండటం మీరు పేపర్లో చదివే ఉంటారు. పులికాట్ ఊరి దగ్గరి మొగలోనూ ఇసుక కదులుతూనే ఉంటుంది. కెరటాలు తీరం వెంబడి ఇసుకను మోసుకెళ్తాయి, నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. పోయిన ఏడు లోతుగా ఉన్న చోట ఈ ఏడు మేట ఉండొచ్చు. ఫోనులో కనిపించే ఉపగ్రహ చిత్రం ఎప్పటిదో!

అన్నిటికన్నా ప్రమాదం, నీళ్లు బయటికి పారుతుంటే గాలి, కెరటాలు ఎదురుగా వచ్చే సమయం. ఉదాహరణకు ఒక అమావాస్య రోజు ఉదయం 9కి పోటు నిండిందనుకుందాం. పదిన్నర, పదకొండుకల్లా నీళ్లు మొగలోంచి బయటికి పరుగు మొదలుపెడతాయి. పదకొండు, పన్నెండు మధ్య సముద్రపు గాలి లేస్తుంది. ఒంటిగంటకు ఈ రెండూ ఎదురెదురుగా ఢీకొంటాయి. మామూలుగా నున్నగా ఊగే కెరటం అక్కడ నిలువునా లేచి, దగ్గర దగ్గరగా విరిగిపడుతుంది. 14 అడుగుల పడవ ఒక అల ఎక్కి దిగేలోపు రెండోది మీద పడుతుంది. వెనక్కి తిప్పుదామంటే ప్రవాహం బయటికే లాగుతుంది. బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. సముద్రం వైపు నుంచి చూస్తే కెరటాల వీపులే కనిపిస్తాయి, అవి నున్నగానే ఉంటాయి. విరుగుతున్న ముఖం అవతలి వైపు ఉంటుంది. లోపలికి వచ్చేశాక గానీ తెలియదు.

నాలుగేళ్ల కింద మేమే అక్కడి నుంచి వెనక్కి తిరిగాం. పొద్దున గాలి లేక ఆలస్యమైంది, మొగ దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. తెరచాప దించి, లంగరు వేసి, పావుగంట చూశాం. ఎడమ వైపు తెల్లగా విరుగుతోంది, మధ్యలో సందు ఉన్నట్టు కనిపిస్తోంది. మా ఆయన వాచీ పెట్టి చూశారు: ఆ సందు కూడా ఐదారు నిమిషాలకోసారి మూసుకుపోతోంది. ఆయనకు వెళ్లాలని ఉంది. నేను "వెనక్కి" అన్నాను. మాకు ఒక ఒప్పందం ఉంది: ఇద్దరిలో ఎవరు వెనక్కి అన్నా కారణం అడగకూడదు, వాదించకూడదు, పడవ తిప్పాలి. ఇంటికి వెళ్లాక ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆయన మాట్లాడకుండా చుక్కాని తిప్పారు. ఆ సాయంత్రం మా ముందు వెళ్లిన మోటారు పడవాళ్లు కలిశారు. ఆ మధ్య సందులో ఒక కెరటం తమ పడవ మీదే విరుచుకుపడిందని, వలలు కొన్ని పోయాయని చెప్పారు. మీరిద్దరూ రేవు వదలకముందే ఇలాంటి మాట ఒకటి అనుకోండి. భార్యాభర్తలు పడవలో వాదించుకునే వేళకు గాలి ఆగదు.

2011లో క్రిస్మస్ రోజున పులికాట్‌లో విహారానికి వెళ్లిన పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ వార్త విన్న రోజు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎలా ఉన్నాయో నాకు గుర్తుంది. నీళ్లు నడుం లోతే కదా అని జాకెట్ విప్పి పక్కన పెట్టేవాళ్లను చూస్తే నాకు కడుపులో దిగులు పుడుతుంది. రేవులో వేసుకుని, మళ్లీ రేవులోనే విప్పండి.

మొగ దాటినా, అక్కడి నుంచి చెన్నై దాకా చిన్న పడవకు తలదాచుకునే చోటు దాదాపు లేదు. తీరమంతా కెరటాలు విరిగే ఇసుక. దారిలో కాట్టుపల్లి, ఎన్నూరు రేవులు ఉన్నాయి, పెద్ద ఓడలు వచ్చిపోయే దారులు దాటాలి. ఓడ మీకోసం పక్కకు జరగలేదు. తీరం వెంబడి ప్రవాహం కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా పారుతుంది, ఫిబ్రవరి తర్వాత ఉత్తరంగా తిరిగి మార్చి, ఏప్రిల్‌లో బలంగా ఉంటుంది. అప్పుడు చెన్నై వైపు వెళ్లడమంటే ప్రవాహానికీ, దక్షిణపు గాలికీ ఎదురెళ్లడమే. రెండేళ్లు సరస్సులో తిరిగాక, ఒక మోటారు పడవ తోడుగా, నిండు పోటుకు ముందు గంటలో, గాలి లేవకముందు మొగ దాటండి. అప్పుడు ఆ ప్రయాణం ఎంత బాగుంటుందో నేను చెప్పక్కర్లేదు.

కాలం విషయానికొస్తే జనవరి, ఫిబ్రవరి మంచివి. ఈశాన్య రుతుపవనాలు తగ్గి, సరస్సులో ఇంకా నీళ్లు నిండుగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీళ్లు కూడా వచ్చి పడతాయి, వెళ్లొద్దు. బంగాళాఖాతం మట్టమే నవంబరు వేళకు ఎక్కువగా, మార్చి వేళకు తక్కువగా ఉంటుంది. మేం మార్చిలో ఇరుక్కోవడానికి అదీ ఒక కారణం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో బయట చిక్కుకుంటే సాయానికి వచ్చే పడవలు కూడా తక్కువే.

వెళ్లకూడని చోట్లు. సరస్సుకు తూర్పు అంచు శ్రీహరికోట. అక్కడ ఒడ్డుకు చేరొద్దు, దగ్గరికీ పోవద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో మత్స్యకారులకే ఆంక్షలు పెడతారు, ఆ తేదీ చూసుకోండి. సూళ్లూరుపేట నుంచి షార్‌కు (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా చీలుస్తుంది. దాని తూముల కింద తెరచాప కొయ్య పట్టదు, కాబట్టి ఉత్తర భాగాన్ని మర్చిపోండి. పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. మెరైన్ పోలీసులకు మీ దారి, తిరిగొచ్చే సమయం రాసిచ్చి వెళ్లండి. దక్షిణ భాగం తమిళనాడుది, అక్కడి అనుమతి వేరుగా అడగాలి.

పడవలో ఏం ఉండాలో మీకు చాలావరకు తెలుసు. ఇక్కడికి ప్రత్యేకంగా కావాల్సినవి మాత్రం చెప్తాను. పది అడుగుల వెదురు గెడ, దాని మీద అడుగడుగుకీ రంగు గీతలు. లోతు చూడటానికీ, నెట్టుకోవడానికీ అదే. తెరచాప కొయ్య కొనకు గట్టిగా మూతపెట్టిన ఐదు లీటర్ల ఖాళీ క్యాన్ కట్టండి. హుస్సేన్‌సాగర్‌లో పడవ బోల్తాపడితే తిప్పి నిలబెట్టేసి ఉంటారు. ఇక్కడ లోతు తక్కువ కాబట్టి కొయ్య కొన నేరుగా అడుసులో గుచ్చుకుంటుంది, ఇద్దరు లాగినా రాదు. ఆ క్యాన్ పడవను పూర్తిగా తలకిందులు కానివ్వదు. కాళ్లకు గట్టి బూట్లు వేసుకోండి, ఆల్చిప్పల దిబ్బలు బ్లేడులా కోస్తాయి. నీళ్లలో నడవాల్సి వస్తే పాదం ఎత్తి వేయకుండా నేలకు రాస్తూ నడవండి. ఇసుకలో దాగిన టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. ఫోను వాటర్‌ప్రూఫ్ కవరులో, అందులో 1554, 1093 నంబర్లు. మొదటిది కోస్ట్ గార్డ్, రెండోది తీర భద్రతది. ఇరుక్కుంటే దిగి తోయకండి. తెరచాప దించి, నీళ్లున్న వైపు లంగరు వేసి, పోటు వచ్చేదాకా కూర్చోండి.

మీ మూడు రోజులకు నేనైతే ఇలా వెళ్తాను. మొదటి రోజు పడవ దించకుండా భీమునివారిపాళెంలో ఒక మత్స్యకారుణ్ని మాట్లాడుకుని, ఆయన పడవలో ఇరకం దాకా వెళ్లి రండి. కాలువ ఎక్కడుంది, మేట ఎక్కడుంది, వల కర్రలు ఎటు ఉన్నాయి, అన్నీ నోట్‌బుక్కులో గీసుకోండి. ఆయన రోజు కూలి పూర్తిగా ఇవ్వండి, ఆ రోజు ఆయన వేట మానుకుని వస్తాడు. రెండో రోజు తెల్లవారుతూనే మీ పడవలో అదే దారిలో వెళ్లి, సముద్రపు గాలి బలం పుంజుకునేలోపు ఇరకం చేరండి. భీమునివారిపాళెం అక్కడికి పడమర వైపు కాబట్టి మధ్యాహ్నం గాలి వెనక నుంచి వీచి మిమ్మల్ని ఇంటికి తెస్తుంది. గట్టిగా ఉంటే తెరచాప సగానికి కుదించుకోండి. మూడో రోజు కారులో పులికాట్ ఊరికి వెళ్లి, మొగ ఒడ్డున ఆరు గంటలు కూర్చోండి. నిండు పోటు నుంచి పూర్తి పాటు దాకా నీళ్లు ఏం చేస్తున్నాయో అరగంటకోసారి రాసుకోండి, ఫొటో తీయండి. ఇద్దరూ విడివిడిగా రాసి, సాయంత్రం పోల్చి చూసుకోండి. మేం అలా రాసిన మొదటి నోట్‌బుక్కు ఇప్పటికీ దాచుకున్నాం.

సెంటర్‌బోర్డు (పడవ అడుగున నీళ్లలోకి దించే పలక) దించితే మీ పడవకు ఎంత లోతు కావాలి, ఎత్తేస్తే ఎంత కావాలి, ఇద్దరిలో ఈత ఎవరికి వచ్చు, ఈ మూడూ కింద రాయండి. పంచాంగంలో ఆ మూడు రోజుల తిథి కూడా చూసి చెప్పండి. రేవు నుంచి ఎన్నింటికి బయలుదేరాలో, ఎన్నింటికల్లా తిరుగు ముఖం పట్టాలో లెక్క కట్టి పెడతాను.